పాపీకి అక్క ఉండాలా?

జపాన్ పిల్లల కార్టూన్ డోరేమాన్ సినిమాల్లో ఆరవదైన 'నోబితాస్ లిటిల్ స్టార్ వార్స్' 1985లో వచ్చింది. అదే కథను మళ్ళీ తీసి 2021 మార్చిలో విడుదల చేయాలనుకున్నారు. కరోనా వల్ల అది వాయిదా పడి 2022 మార్చి 4న జపాన్ థియేటర్లకు చేరింది. పేరు చివర 2021 అన్న అంకె మాత్రం అలాగే మిగిలిపోయింది. రెండింటినీ చూసినవాళ్ళు చెప్పుకునే మాటలను నేను కొంతకాలంగా ఆసక్తితో గమనిస్తున్నాను. చర్చ బొమ్మల దగ్గర మొదలైనా, గొంతుల దగ్గర మొదలైనా, చివరకు కథలోని బాల దేశాధ్యక్షుడు పాపీకి ఉన్న అక్క దగ్గరికే వచ్చి ఆగుతోంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పిరికా అనే గ్రహంలో మనుషులు మన అరచేతిలో పట్టేంత ఉంటారు. (పేరు వినగానే మన చెవికి పిరికితనం తడుతుంది గానీ, ఆ గ్రహవాసులకు ఆ మాట ఏమాత్రం వర్తించదు.) సైన్యాధిపతి గిల్మోర్ తిరుగుబాటు చేసి అధికారాన్ని చేజిక్కించుకోగా, ఆ దేశాధ్యక్షుడైన 10 ఏళ్ళ పాపీ చిన్న రాకెట్‌లో భూమికి పారిపోయి వస్తాడు. డోరేమాన్ నేస్తం నోబితా, అతని మిత్రబృందం పాపీకి ఆశ్రయమిస్తారు. స్మాల్ లైట్‌తో తామూ అతనంత చిన్నవాళ్ళయ్యాక ఆ పరికరం శత్రువుల చేతికి చిక్కుతుంది. దాంతో పిల్లలు అదే పరిమాణంలో ఒక యుద్ధంలోకి దిగాల్సి వస్తుంది.

పాత సినిమాలో పాపీకి తనవాళ్ళంటూ ఎవరూ కనిపించరు. వెంట ఉండేది మాట్లాడే కుక్క రోకోరోకో ఒక్కటే, అదీ ఎదుటివాళ్ళు చెవులు మూసుకునేంత వాగుడుకాయ. కొత్త సినిమాలో పీనా అనే అక్కను కల్పించారు. పాత సినిమాతో పెరిగినవారిలో చాలామందికి ఈ మార్పు నచ్చలేదు. పదేళ్ళ పిల్లవాడు పెద్దమనిషిలా మాట్లాడుతూ, ఒక దేశం బరువును ఒంటరిగా మోయడమే ఆ పాత్రకు ప్రాణమని, అక్కను తెచ్చిపెట్టి ఆ ఒంటరితనాన్ని పలచన చేశారని వారి ఫిర్యాదు. మెచ్చుకునేవారి వాదన ఇంకో రకంగా ఉంది. అక్క ఎదురుగా ఉన్నప్పుడే పాపీ తమ్ముడవుతాడని, అప్పుడే అతను నిజంగా చిన్నపిల్లవాడన్న సంగతి చూసేవాళ్ళకు తగులుతుందని వారంటారు.

చాలాకాలం నేను మొదటి పక్షానే ఉన్నాను. నోబితా బృందంలోని షిజుకాను శత్రువులు బందీగా పట్టుకుని, ఆమె కావాలంటే పాపీని అప్పగించమన్నప్పుడు అతను తనంతట తానే వెళ్ళి లొంగిపోయే ఘట్టాన్ని రెండు సినిమాల్లోనూ వెంటవెంటనే చూశాను. పాత దానిలో వెళ్ళొద్దని బతిమాలేందుకు సొంతవాళ్ళెవరూ లేని పిల్లవాడు అంత ప్రశాంతంగా నడిచి వెళ్ళడం ఇప్పటికీ గుండెను పట్టేస్తుంది. కొత్త దానిలో అదే ఘట్టం వస్తున్నప్పుడు నా మనసు ఎక్కడో ఉన్న అక్క మీదికి పోయింది. కథ రెండు చోట్లకు చెదిరిందని విసుక్కున్నాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి మాత్రం, "వాళ్ళ అక్కకు ఈ సంగతి ఎవరు చెబుతారు నాన్నా?" అని అడిగింది. నేను లోపమనుకున్న చోటే దానికి కథ అందింది. అప్పటినుంచి ఈ విషయంలో గట్టిగా వాదించడం మానేశాను, నా అభిప్రాయం పూర్తిగా మారిందని మాత్రం చెప్పలేను.

బొమ్మల నాణ్యత గురించి పెద్దగా తగాదా లేదు. కొత్త సినిమాలో ట్యాంకులకూ విమానాలకూ బరువు వచ్చిందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. నాకు అంతకన్నా నచ్చింది ప్రారంభంలో పిల్లలు తీసే సినిమా. సునియో బృందం చిన్న చిన్న నమూనాలతో అంతరిక్ష యుద్ధాన్ని చిత్రీకరిస్తూ ఉంటుంది. జపాన్‌లో రాక్షసుల సినిమాలు తీసిన పద్ధతి ఇదే: అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఊరిని కెమెరాను నేలకు ఆనించినంత కిందనుంచి, మామూలుకన్నా ఎక్కువ వేగంతో చిత్రిస్తారు. దాన్ని మామూలు వేగంతో తెర మీద వేస్తే కూలే గోడ నెమ్మదిగా, భారంగా కూలినట్టు కనిపిస్తుంది. జానెడు మేడ కూడా ఆకాశమంత ఎత్తున్నట్టు భ్రమ కలుగుతుంది. చివరలో స్మాల్ లైట్ ప్రభావం తీరిపోయి, పిల్లలు తమ అసలు పరిమాణంలో పిరికా నగరం మధ్య నిలబడినప్పుడు, మొదట్లో వాళ్ళు ఆడుకున్న ఆ నమూనా ఊరే నిజమై ఎదుట నిలిచినట్టుంటుంది. సరిగ్గా అవసరమైన వేళకే ప్రభావం తీరిపోవడం మరీ సౌకర్యంగా ఉందని కొందరు ఎత్తిపొడుస్తుంటారు. నిజమే, కానీ ఆ సౌకర్యం 1985 నుంచీ ఉన్నదే కనుక కొత్త దర్శకుడు సుసుము యమగుచిని ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు.

విడుదలైన సమయం ఇంకొక చర్చకు దారితీసింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి ప్రవేశించిన 8 రోజులకే ఈ సినిమా తెర మీదికి వచ్చింది. సైన్యం చుట్టుముట్టిన దేశాధ్యక్షుడు, ప్రజలను ఉద్దేశించి అతను చేసే ప్రసంగం చూసి చాలామంది నాటి వార్తలనే గుర్తుచేసుకున్నారు. అంతకు ముందు ఏడాదికే అనుకున్న సినిమా కాబట్టి ఇది ఎవరూ ఉద్దేశించి చేసినది కాదు. అయినా పిల్లల పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఆ సన్నివేశాలను మామూలు సాహసకథగా చూడలేకపోయారన్న మాటను నేను నమ్ముతాను.

ఆ ఘట్టాలకన్నా సునియో భయపడే తీరే నాకు యుద్ధాన్ని దగ్గరగా చూపించింది. అతను వెళ్ళనని మొండికేస్తాడు, దాక్కుంటాడు. షిజుకా తనకూ భయంగానే ఉందని ఒప్పుకుంటూనే ట్యాంకు ఎక్కుతుంది. ఈ భాగాన్ని కొత్తవాళ్ళు చెడగొట్టలేదని పాత అభిమానులు కూడా మెచ్చుకుంటారు.

పాట విషయంలో మాత్రం రాజీ కుదిరేలా లేదు. పాత సినిమాలో టెట్సుయా టకెడా పాడిన 'షోనెన్‌కి', అంటే బాల్యం, అన్న పాట కొత్తదానిలో లేదు. దాని స్థానంలో వచ్చిన పాటలు వినడానికి బాగానే ఉన్నాయి. మా అమ్మాయి వాటినే కూనిరాగం తీస్తోంది. నేను పక్కగదిలో తలుపు వేసుకుని పాతదే మళ్ళీ పెట్టుకుంటున్నాను.