చిత్రికకు నోరే ప్రాణం

చెక్కను నునుపు చేసే కొయ్య చిత్రికను సొంతంగా చేసుకోవాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. దుకాణంలో కొన్న ఇనుప చిత్రికతో పని జరిగేది కానీ, అది నా చేతిలో ఒదిగేది కాదు. పోయిన వేసవిలో పని మొదలుపెట్టాను.

బ్లేడు హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజారులో దొరికింది. 45 మిల్లీమీటర్ల వెడల్పు, మంచి మందం, ఒళ్లంతా తుప్పు. దాని వెనకవైపును సానరాయి మీద అద్దంలా మెరిసేదాకా అరగదీయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. ఆ వైపు చదునుగా లేకపోతే ముందు ఎంత నూరినా పదును రాదు. ఇక చెక్క, పడగొట్టిన ఓ పాత ఇంటి టేకు గుమ్మం ముక్క. ఏళ్ల తరబడి ఆరింది కదా, ఇక ఉబ్బి, వంగి కదలదని నా ధైర్యం.

ఒకే దిమ్మెను ఉలితో తొలిచి చేసేంతగా నా చేయి తిరగలేదు. అందుకే ఫర్నిచర్ తయారీలో పేరున్న జేమ్స్ క్రెనోవ్ ప్రచారంలోకి తెచ్చిన అతుకు పద్ధతి పట్టుకున్నాను. దిమ్మె రెండు పక్కల నుంచీ పలుచని చెక్కలు కోసి తీయాలి. మధ్య భాగాన్ని ఏటవాలుగా రెండు ముక్కలు చేసి, నడుమ సందు వదిలి, పక్క చెక్కలను మళ్లీ అతికించాలి. 45 డిగ్రీల వాలున్న వెనక ముక్క మీద బ్లేడు కూర్చుంటుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడిచాను.

నా తప్పు ఆ తరువాత జరిగింది. సందు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కనుక, అడుగును అరగదీసిన కొద్దీ నోరు, అంటే బ్లేడు బయటికి వచ్చే చీలిక, పెద్దదవుతుంది. చదును చేయాలన్న తపనలో అది గమనించలేదు. చూసేసరికి నోరు 3 మిల్లీమీటర్లు తెరుచుకుంది. మామిడి పలక మీద నడిపితే నునుపు రావలసిన చోట పెచ్చులు లేచాయి.

జాంబాగ్‌లో ఫర్నిచర్ పని చేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన చిత్రికను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి అడుగు వెంట చూశారు.

"బ్లేడు బాగానే ఉంది బాబూ. దాని ముందు చెక్కను అదిమిపట్టేది ఏదీ?"

ఆ ఒక్క మాటతో నాకు విషయం తెలిసింది. పదును తగిలే చోటికి వెంట్రుకవాసి ముందు చిత్రిక అడుగు పలకను నొక్కి ఉంచాలి. ఆ నొక్కు లేకపోతే నార తెగే ముందే చీలి పైకి లేస్తుంది.

ఆయనే ఒక తుమ్మ ముక్క చేతిలో పెట్టారు. బండి చక్రాలకు వాడే కర్ర, రాపిడికి ఓ పట్టాన అరగదు. నోటికి ముందు గాడి తవ్వి దాన్ని అతికించాను. ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ, పోస్టుకార్డు దూరేంత సందు రాగానే ఆపేశాను. ఈసారి బ్లేడును లోపలికి లాగి, దాని మీది బిగింపు చెక్కను గట్టిగా కొట్టాకే అడుగును గాజు మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దాను. ఆ బిగింపుకు చిత్రిక ఒళ్లు కాస్త వంగుతుంది. పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంచి చదును చేయాలి.

మళ్లీ మామిడి పలక మీదే పెట్టాను. బ్లేడు తల మీద సుత్తితో చిన్న దెబ్బ, ఇంకో దెబ్బ. సన్నని సవ్వడితో పొర లేచి చుట్టుకుంటూ నా మణికట్టు మీద పడింది. అవతల పట్టుకున్న వేలు కనిపించేంత పలుచన! పలక మీద అరచేయి అలాగే ఉంచి చాలాసేపు నిలబడిపోయాను.

వానలు పడ్డాక గుమ్మం చెక్క కూడా కదిలింది. అడుగును మరోసారి రుద్దవలసి వచ్చింది. మిగిలిన తుమ్మ ముక్క ఇప్పుడు అటక మీద ఆరుతోంది.