క్యాంపు ఖాళీ అయ్యాక: కౌన్సిల్ వైపు నుంచి నా అనుభవం

ఇంగ్లండ్ దక్షిణాన ఒక మధ్యరకం ఊరి కౌన్సిల్లో ఉద్యోగం నాది. పాత ఫ్యాక్టరీయో, పెట్రోల్ బంకో, చెత్తతో పూడ్చిన గుంటో ఉన్న చోట ఇళ్లు కడతామని ఎవరైనా దరఖాస్తు పెడితే, ఆ మట్టిలో ఏముందో, దాని మీద పిల్లలు ఆడుకోవచ్చో లేదో చూసి ప్లానింగ్ విభాగానికి రాసివ్వాలి. ఊరి అంచున ఉన్న ఆర్మీ క్యాంపు మూతపడి, అక్కడ కొత్త పేట కట్టాలని కౌన్సిల్ అనుకున్నప్పుడు నన్నూ ఆ టీములోకి లాగారు. ఊరి పేరు, కంపెనీల పేర్లు రాయడం లేదు. కొన్ని పంచాయితీలు ఇంకా తెగలేదు.

సైన్యం వెళ్లిపోతే స్థలం ఊరికే వచ్చేస్తుందని మా దగ్గర చాలామంది అనుకున్నారు. అలా రాదు. రక్షణ శాఖ ఆస్తులు చూసే డిఫెన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఆర్గనైజేషన్ దాన్ని అమ్ముతుంది. ముందు వేరే ప్రభుత్వ శాఖలకి అవసరమేమో అడుగుతారు. ఆ తర్వాత క్రిషెల్ డౌన్ నిబంధనలు అడ్డం వస్తాయి. డోర్సెట్‌లోని క్రిషెల్ డౌన్ దగ్గర బాంబులు వేసే సాధన కోసం 1938లో ఎయిర్ మినిస్ట్రీ 725 ఎకరాలు తీసుకుంది. అవసరం తీరాక పాత యజమానులకి తిరిగివ్వకుండా వ్యవసాయ శాఖ చేతికి మార్చారు. అది పెద్ద రభస అయ్యి, 1954లో ఆ శాఖ మంత్రి థామస్ డగ్డేల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. అప్పట్నుంచీ, ఒత్తిడితో తీసుకున్న భూమి మిగిలిపోతే దాన్ని ముందు పాత యజమానికో అతని వారసులకో ఇవాళ్టి మార్కెట్ ధరకి చూపించాలి. భూమి రూపురేఖలు పూర్తిగా మారిపోయి ఉంటే మాత్రం మినహాయింపు. మా క్యాంపులో బ్యారక్స్ కట్టిన భాగానికి ఆ మినహాయింపు వర్తించింది. కాల్పుల మైదానం వెనకాల పచ్చిక బీడు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. దాంతో ఒక పాత రైతు కుటుంబం వారసుల్ని వెతకడానికి లాయర్లు బయల్దేరారు. దొరికినవాళ్లు ధర విని వద్దన్నారు. ఆ ఒక్క ‘వద్దు’ కాగితం మీద పడేదాకా తక్కిన పనంతా ఆగింది.

కొన్నాక కూడా రక్షణ శాఖ చెయ్యి పూర్తిగా తీసేయదు. ప్లానింగ్ పర్మిషన్ వల్ల భూమి విలువ పెరిగితే అందులో వాటా ఇవ్వాలన్న షరతు అమ్మకపు పత్రంలోనే ఉంటుంది. మనం శ్రమపడి అనుమతి తెచ్చుకుంటే వాళ్లకి భాగం ఏమిటని మా ఆర్థిక విభాగం వాళ్లు మొదట్లో గింజుకున్నారు గానీ, ప్రజల ఆస్తి చవగ్గా అమ్మేశారన్న మాట రాకుండా వాళ్ల జాగ్రత్త వాళ్లది. కౌన్సిల్ తన స్థలం అమ్మేటప్పుడూ అంతే, 1972 స్థానిక ప్రభుత్వ చట్టం 123వ సెక్షన్ ప్రకారం రాగలిగిన మంచి ధర రాబట్టాలి.

ఇక నా పని. ఏ స్థలానికైనా మొదట పాత మ్యాపులు తీస్తాం. ఇక్కడ చిక్కు అక్కడే మొదలైంది. ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన వాటిలో చుట్టూ పొలాలు, కంచెలు, బావులు కూడా ఉన్నాయి. క్యాంపులోని డిపో ఉన్నచోట మాత్రం తెల్ల కాగితం. రహస్యం పేరుతో సైనిక స్థలాలని మ్యాపుల్లో ఖాళీగా వదిలేసేవాళ్లు. ఆ తెలుపుని పూరించింది రాయల్ ఎయిర్‌ఫోర్స్ 1940లలో దేశమంతా తీసిన విమాన ఫొటోలు. మా డిపో ఫొటోలో షెడ్ల వరస, పక్కన గుండ్రటి నీళ్ల ట్యాంకు, దూరంగా చెట్ల దగ్గర ఒక నల్ల మరక కనిపించాయి. మరక ఏమిటో ఏ రిపోర్టూ చెప్పలేదు. రక్షణ శాఖ తయారుచేసుకున్న నేల నాణ్యత నివేదికలో దాని ఊసే లేదు. చాలా ఏళ్ల కిందట అక్కడ స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఫొటో చూడగానే, ‘‘అక్కడే కదా పాత సామానంతా తగలబెట్టేది’’ అన్నాడు.

ఆ చోట ట్రయల్ పిట్ తవ్వించాం. పైన జానెడు పచ్చిక మట్టి, దాని కింద విరిగిన ఇటుకలు, ఆ కింద చేతి మందాన నల్లటి బూడిద పొర. తవ్వుతున్న కొద్దీ డీజిల్ వాసన. బూడిదలో కరిగి ముద్దయిన గాజు, ఇత్తడి రింగులు, బూడిదరంగు రేకు ముక్కలు. రేకులు ఆస్‌బెస్టాస్ సిమెంటువని చూడగానే తెలిసిపోయింది, అందరం మాస్కులు బిగించాం. గాజు ముక్కల దగ్గర రేడియేషన్ మీటరు పెట్టిన అమ్మాయి చెయ్యెత్తి మమ్మల్ని వెనక్కి వెళ్లమంది. చీకట్లో కనబడటానికి పాత వాహనాల, విమానాల డయల్స్ మీద రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు. ఆ రంగు వెలగడం మానేసి దశాబ్దాలైనా రేడియం ఎక్కడికీ పోదు. రేడియం-226 సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది.

ఇది మా ఊరికే పట్టిన పీడ కాదు. స్కాట్లండ్‌లోని డాల్గెటీ బే దగ్గర యుద్ధకాలపు విమానాల డయల్స్ కాల్చి, ఆ బూడిదతో నేల పూడ్చారు. తర్వాత అక్కడ ఊరు వెలిసింది. 1990లో సముద్రపు ఒడ్డున రేడియోధార్మిక రేణువులు బయటపడ్డాయి. శుభ్రం చేసే పని 2023కి గానీ పూర్తికాలేదు. మధ్యలో గడిచినదంతా ఎవరు కట్టాలి, ఎవరు తియ్యాలి అన్న వాదనే. మా కౌన్సిలర్లకి నేను ఎన్ని అంకెలు చూపించినా కదలనివాళ్లు ఈ ఒక్క ఉదంతం చెప్పగానే కదిలారు.

బాంబుల సంగతి అందరూ అడుగుతారు. నేలలోని ఇనుముని పసిగట్టే మాగ్నెటోమీటర్‌తో మైదానమంతా జల్లెడ పట్టించాం. గుర్రపు నాడాలు, పైపు ముక్కలు, మంచాల ఇనుము... కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. చివరికి 2 అంగుళాల మోర్టార్‌లో వాడే పొగబాంబు ఒకటి దొరికితే ఆర్మీ వాళ్లే వచ్చి తీసుకెళ్లారు. నిజానికి పేలని పెద్ద బాంబులు ఎక్కువగా బయటపడేది యుద్ధంలో దెబ్బతిన్న మామూలు ఊళ్లలో. 2024 ఫిబ్రవరిలో ప్లిమత్‌లో ఒక ఇంటి పెరట్లో 500 కిలోల జర్మన్ బాంబు దొరికి, దాన్ని ఊరి మధ్యనుంచి సముద్రానికి తీసుకెళ్తుంటే వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు. సైనిక స్థలంలో నాకు బాంబు కన్నా సీసం, డీజిల్, గ్రీజు కడగడానికి వాడిన ద్రావకాలు ఎక్కువ భయం. అవి పేలవు, వార్తల్లోకి రావు, భూగర్భ జలంతో పాటు మెల్లగా నడుస్తాయి.

అసలు గొడవ సీసం దగ్గర వచ్చింది. కాల్పుల మైదానం చివర గుళ్లని ఆపడానికి పోసిన మట్టికట్ట నిండా సీసమే. తరాల తరబడి గుళ్లు తిన్న మట్టి అది. ఇళ్లు కట్టే నేలలో సీసం ఎంతవరకూ ఉండొచ్చన్న దానికి ఇక్కడ 2014 నుంచి రెండు అంకెలున్నాయి. పెరట్లో కూరగాయలు పండించుకునే ఇల్లయితే కిలో మట్టికి 200 మిల్లీగ్రాములు, పండించుకోని ఇల్లయితే 310. ఇవి దాటితే ప్రమాదమని కాదు, దాటకపోతే నిశ్చింత అని. బిల్డర్ తరఫు కన్సల్టెంట్లు 310 పట్టుకుని రిపోర్టు రాశారు, ఎందుకంటే అప్పటి ఇళ్ల ప్లానులో అక్కడ అపార్ట్‌మెంట్లే ఉన్నాయి. ఏడాది తిరక్కుండా అమ్మకాల వాళ్ల సలహాతో ప్లాను మారింది, అపార్ట్‌మెంట్ల చోట పెరడున్న ఇళ్లు వచ్చాయి. రిపోర్టులో అంకె మాత్రం మారలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక డ్రాయింగు మారినప్పుడు ఇంకో ఫైలు తెరిచి చూడాలన్న బాధ్యత ఎవరికీ అప్పజెప్పలేదు, అంతే.

నేను అభ్యంతరం రాశాను. మీటింగు పెట్టారు. ‘‘మీరు 200 అంటే ఇంకా లారీల కొద్దీ మట్టి తీయాలి. ఆ ఖర్చు ఎక్కడో తగ్గించుకోవాలి కదా’’ అన్నాడు బిల్డర్ తరఫు మనిషి, నవ్వుతూనే. ఎక్కడ తగ్గిస్తారో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఇక్కడ పెద్ద ప్రాజెక్టుల్లో కొంత శాతం ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకి అందేలా కట్టాలని 106వ సెక్షన్ ఒప్పందంలో రాయించుకుంటాం. ప్రాజెక్టు గిట్టుబాటు కావడం లేదని లెక్కలు చూపిస్తే ఆ శాతాన్ని తగ్గించమని అడగొచ్చు. పైగా ఖాళీ భవనాల రాయితీ ఒకటి ఉంది, 2014లో వచ్చింది. వాడకంలో లేని పాత కట్టడాల నేల వైశాల్యాన్ని కొత్త కట్టడాల లెక్కలోంచి మినహాయించి, ఆ మేరకు చవక ఇళ్లు తగ్గించుకోవచ్చు. బ్యారక్స్ అంటేనే వరసల కొద్దీ ఖాళీ భవనాలు. రాయితీ అక్కడే చాలావరకు తినేసింది, మిగిలిన కాస్త మీద మట్టి ఖర్చు వేస్తామంటున్నారు. నేల సంగతి ఆలస్యంగా తెలిస్తే ఆ నష్టం బిల్డరూ భరించడు, పాత యజమాని అయిన రక్షణ శాఖా భరించదు. ఇంకా ఆ ఇంట్లో చేరని, పేరు కూడా తెలియని కుటుంబం భరిస్తుంది. కొనుగోలు ధర ఖరారయ్యే ముందే తవ్వి చూడాలని నేను మొదట్నుంచీ మొత్తుకున్నది అందుకే. అప్పుడైతే ఆ ఖర్చు భూమి ధరలోంచి పోతుంది.

మధ్యేమార్గం ఇళ్ల ప్లానులోనే దొరికింది. మట్టికట్టని పూర్తిగా తవ్వి, జల్లెడ పట్టి, గుళ్ల సీసాన్ని తుక్కు కింద పంపారు. బూడిద గుంటని నిపుణులు వచ్చి తవ్వి తీసుకెళ్లాక దాని చుట్టుపక్కల కార్ పార్కింగు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పెరడున్న ఇళ్లన్నీ డిపోకి అవతలి వైపు జరిగాయి. వాటికి కూడా 600 మిల్లీమీటర్ల మందాన శుభ్రమైన మట్టి, దాని అడుగున నారింజరంగు వల. రేపెవరైనా లోతుగా తవ్వితే ఆ వల కనిపించి ఆగుతారని. చవక ఇళ్ల సంఖ్య నిలబడింది. దానికి నా రిపోర్టు కన్నా మా ప్లానింగ్ కమిటీలోని ఒక పెద్దావిడ మొండితనమే ఎక్కువ పనిచేసిందని చెప్పాలి. సభలో లేచి ఆమె అడిగింది ఒక్కటే: ‘‘ఈ పెరట్లో బంగాళాదుంప పండించి మీ మనవడికి పెడతారా?’’ కన్సల్టెంటు మాట దాటేశాడు. మినిట్స్‌లో అది అలాగే నమోదైంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాత భవనాలు కూల్చే ముందు చేయాల్సిన గబ్బిలాల సర్వే వేసవి నెలల్లో మాత్రమే కుదురుతుంది, ఆ సమయం దాటితే కూల్చివేత మళ్లీ ఏడాదికి పోతుంది. ఫొటోలో కనిపించిన గుండ్రటి ట్యాంకులో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్లు (బల్లిలా ఉండే నీటి జీవులు) కాపురం పెట్టి ఉన్నాయి. అవి చట్టం కాపాడే జీవులు, వాటికి కొత్త చెరువు తవ్వాకే ట్యాంకు ముట్టుకోవాలి. డ్రైనేజీ మాత్రం అందరి ప్రాణం తీసింది. క్యాంపులో పైపులన్నీ సైన్యం సొంతం. మ్యాన్‌హోల్ మూతల మీద వార్ డిపార్ట్‌మెంట్ గుర్తు, బాణం ముద్ర ఉన్నాయి గానీ ఏ పైపు ఎటు పోతుందో ఒక్క డ్రాయింగూ లేదు. కెమెరా దింపి చూసుకుంటూ పోయాం. నీటి కంపెనీ అలాంటి పైపుల్ని తన ఖాతాలో వేసుకోనంది, దాదాపు అన్నీ కొత్తగా వేయాల్సి వచ్చింది.

టీమంతా కలిసి ఆల్డర్‌షాట్ చూసొచ్చాం. అక్కడ ఆర్మీ వదిలిన స్థలంలో 3,850 ఇళ్ల వెల్లెస్లీ పేటకి రష్మోర్ కౌన్సిల్ అనుమతిచ్చింది. 1879లో తెరిచి 1996లో మూసేసిన కేంబ్రిడ్జ్ మిలిటరీ ఆసుపత్రిని కూల్చకుండా ఫ్లాట్లుగా మార్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకి హెరాల్డ్ గిల్లీస్ ప్లాస్టిక్ సర్జరీ మొదలుపెట్టింది ఆ భవనంలోనే. మా కౌన్సిలర్లు గంట గోపురం ముందు ఫొటోలు దిగారు. నేను చూడ్డానికి వెళ్లింది మాత్రం ఇళ్ల కన్నా ముందు వదిలిపెట్టిన పచ్చిక మైదానాల్ని. ఆ చుట్టుపక్కల బీడు భూముల్లో నేల మీద గూడు కట్టే నైట్‌జార్ పక్షులున్నాయి. కొత్తగా వచ్చే జనం కుక్కల్ని తీసుకుని ఆ గూళ్ల వైపు పోకుండా, ప్రతి వెయ్యిమందికి కనీసం 8 హెక్టార్ల వేరే పచ్చిక స్థలం చూపించాలి. మా పాత రైతు బీడుకి ఆ తర్వాతే ఒక గతి దొరికింది, దాన్ని అలాగే ఉంచేశాం.

మొదటి ఫేజ్ ఇళ్లు తాళాలిచ్చే ముందు ధ్రువీకరణ ఉంటుంది. పెరట్లో అక్కడక్కడా గుంట తీసి టేపుతో మట్టి మందం కొలవాలి. ఒక పెరట్లో 600కి బదులు 450 దగ్గరే నారింజ వల తగిలింది. మట్టి మళ్లీ పోసి చూపించేదాకా సంతకం పెట్టనన్నాను. ఇల్లు కొన్నవాళ్ల సామాను అప్పటికే లారీలో ఉంది, వాళ్ల కోపమంతా కౌన్సిల్ మీదే. బిల్డర్ మనిషి అటువైపు రాలేదు.

రెండో ఫేజ్ రిపోర్టు ఈమధ్యే చేతికొచ్చింది. ముందుగా అంకెల పట్టిక తీసి చూశాను. పెరడున్న ఇళ్లకి 200 వేశారు. వర్క్‌షాప్ కింద ద్రావకం ఎంతదూరం పాకిందన్నది మాత్రం రెండు బోర్లతో తేల్చేశారు. ఇంకా వేయమని, నీటి ప్రవాహానికి దిగువన కూడా వేయమని రాసి పంపాను. జవాబు రావాలి.