మా బస్తీ బడిలో సాయంత్రం ఒక గది తెరిపించడానికి నాలుగు నెలలు పట్టింది – నా అనుభవం

నిన్న సాయంత్రం ఐదింటికి మా బస్తీ సర్కారు బడిలో ఆరో తరగతి గది తాళం తీశాం. 34 మంది పిల్లలు వచ్చారు. సంతోషం ఎంతుందో కోపం కూడా అంతే ఉంది, అది చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది మూసీకి దగ్గరగా ఉండే బస్తీ. చాలా ఇళ్లకు ఒక్కటే గది, పొయ్యి, మంచం, టీవీ అన్నీ అందులోనే. పిల్లాడు పుస్తకం పరుచుకోవాలంటే ఎవరో ఒకరు లేచి బయటకు పోవాలి. పాలమూరు నుంచి వచ్చి అడ్డా కూలీ చేసుకునేవాళ్లు, బిహార్ నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసేవాళ్లు, ఇళ్లలో పనికి పోయి రాత్రి ఏడు దాటాక వచ్చే తల్లులు, ఇదీ మా బస్తీ. 2022లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటుంది. అది మంచి పనే, కాదనను. కానీ ఆ తెలుగు పేజీ అయినా పక్కన కూర్చుని చెప్పే మనిషి ఇంట్లో ఉండాలి కదా. ఇంకోవైపు, బడి వదిలితే మళ్లీ పొద్దున్న దాకా గదులన్నీ ఖాళీ. ఫ్యాన్లు ఉన్నాయి, లైట్లు ఉన్నాయి, బెంచీలు ఉన్నాయి.

మా పొదుపు సంఘం ఆడవాళ్లం పన్నెండు మందిమి, పక్క బస్తీలో ఇప్పటికే ట్యూషన్ చెబుతున్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్లు (డిగ్రీ పిల్లలు, ఇద్దరు రిటైరైన టీచర్లు) కలిసి మాట్లాడుకున్నాం. చదువు చెప్పేది వాళ్లు. పిల్లల్ని పిలుచుకొచ్చేది, శనగ గుడాలు ఉడకబెట్టి తినడానికి పెట్టేది, చీకటి పడ్డాక ఇంటి దాకా దింపేది మేము. రోజూ ఐదు నుంచి ఏడు దాకా ఒక్క గది ఇస్తే చాలు.

హెచ్ఎం మేడమ్ వినగానే సరే అన్నారు. బడి కమిటీ ఒక్క మీటింగ్‌లో తీర్మానం రాసి సంతకాలు పెట్టింది. సంస్థ వాళ్ల కాగితాలు పక్కాగా ఉన్నాయి, 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంస్థ, పాన్ కార్డు ఉంది, లెక్కలు ఉన్నాయి. ఇదంతా జూన్ నెలాఖరుకే అయిపోయింది. ఇక మిగిలింది పైఆఫీసు పర్మిషన్ ఒక్కటే, వారం రోజుల పని అనుకున్నాం.

మొదటిసారి పోతే తపాలు తీసుకునే మనిషి లీవు. రెండోసారి సంస్థ లెటర్‌హెడ్ మీద కావాలన్నారు. మూడోసారి తీసుకున్నారు గానీ ఇన్‌వర్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబర్) వేయలేదు, అడిగితే 'ఎక్కడికీ పోదులేమ్మా' అన్నారు. నేను నమ్మాను. అక్కడే తప్పు చేశాను.

రెండు వారాల తర్వాత ఆఫీసర్‌ని కలవమన్నారు. సంస్థ తరఫున ఒక బాబు, సంఘం తరఫున నేను వెళ్లాం. ఆ బాబుని కూర్చోమన్నారు. నన్ను అనలేదు. నా వయసు 43, ఆ బాబుకి 24 ఉంటాయేమో. వాడు పాపం లేచి కుర్చీ నాకు ఇవ్వబోయాడు, నేనే వద్దన్నాను. సంస్థకు డబ్బు ఎక్కడిది, వెనక ఏ పార్టీ ఉంది, పిల్లలకు మతం చెబుతారా అని అడిగారు. అడగాలి, పిల్లల విషయం కాబట్టి అడగడం వాళ్ల బాధ్యత, నాకు తప్పనిపించలేదు. తర్వాత నా వైపు తిరిగి 'నువ్వేం చదివావమ్మా' అన్నారు. ఓపెన్ స్కూల్లో పది పాసయ్యానని చెప్పాను. గదిలో ఇంకో నలుగురు ఉన్నారు. 'పది చదివినావిడ బడి నడిపిస్తదట' అన్నారాయన, వాళ్లు నవ్వారు. కాగితం నా చేతికి కాకుండా ఆ బాబు చేతికి ఇచ్చి, సరిచేసి తెమ్మన్నారు. ఏం సరిచేయాలో దాని మీద ఒక్క అక్షరం రాయలేదు.

బస్సులో నాకు మాట రాలేదు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, పొద్దున నాలుగు ఇళ్లలో పని చేసి, రాత్రి చదివి పాసైన పది అది. నా పెద్ద బిడ్డ ఇదే బడిలో చదివి పదిలో 541 మార్కులు తెచ్చుకుంది, ఇప్పుడు ఇంటర్‌లో ఎంపీసీ చదువుతోంది. బడి ఎలా నడవాలో మాట్లాడే హక్కు నాకు లేకపోతే ఇంకెవరికి ఉంది? విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో ఉన్నదే చెబుతున్నాను. బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ తల్లిదండ్రులకు డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో బాల కార్మికులను పనిమాన్పించి బడిలో వేయడం మొదలుపెట్టింది. సర్కారు బడికి పోటీగా ఇంకో బడి పెట్టలేదు, సర్కారు బడికే పిల్లల్ని పంపింది. దాన్ని చేసి చూపించింది ఊళ్లోని యువకులు, కూలీ తల్లిదండ్రులు, టీచర్లు కలిసి. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కూలీ తల్లులను కూడా నువ్వేం చదివావని అడిగి ఉంటే ఆ పిల్లలు ఇంకా పత్తి చేలల్లోనే ఉండేవాళ్లు.

సరే, అసలు తికమక ఆ తర్వాత మొదలైంది. సంస్థ వాళ్లు వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద హామీ రాసి, చెప్పే పిల్లలందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించి మళ్లీ ఇచ్చారు. (ఆ వెరిఫికేషన్ ఎవరూ అడగకపోయినా చేయించండి, ఆడపిల్లలు ఉండే చోట అది తప్పనిసరి.) ఆఫీసులో అడిగితే ఫైలు పైకి పోయిందన్నారు. పైన అడిగితే రాలేదన్నారు. ఐదు వారాలు ఇదే. ఒక్కోసారి పోతే నాకు సగం రోజు పని పోతుంది. బతుకమ్మ, దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి, ఆ సెలవుల్లోపు కాకపోతే ఈ ఏడాదికి లేనట్టేనని అర్థమైంది. చివరికి అక్కడ అటెండర్‌గా పనిచేసే ఒక అక్క నన్ను వరండాలోకి పిలిచి, 'మీ కాగితం మధ్యాహ్న భోజనం సెక్షన్‌లో ఉంది చూడమ్మా' అంది. ఎందుకంటే మా ఉత్తరంలో విషయం దగ్గర 'సాయంత్రం చదువు, అల్పాహారం' అని రాశాం. ఆ అల్పాహారం మాట చూసి ఎవరో దాన్ని భోజనాల బల్ల మీదికి పంపారు. వాళ్లకు సంబంధం లేదు కాబట్టి వాళ్లు ముట్టలేదు. గుప్పెడు శనగల కోసం ఐదు వారాలు! ఆ అక్క చెప్పకపోతే ఇప్పటికీ తిరుగుతూనే ఉండేదాన్ని.

ఈసారి నేను పట్టుబట్టి పద్ధతి మార్చాను. సంస్థ అడిగినట్టు కాకుండా బడే అడిగినట్టు, హెచ్ఎం మేడమ్ పేరుతో ఉత్తరం రాయించాం. విషయం ఒక్కటే రాశాం, ఒక గది, రెండు గంటలు, చదువు. గుడాల మాట ఎక్కడా లేదు. కమిటీ తీర్మానం మొదటి పేజీగా పెట్టాం. ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, స్టాంపు వేసేదాకా నేను బల్ల ముందు నుంచి కదల్లేదు. అదే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఆ నంబర్ వేసి ఒక అర్జీ కూడా ఇచ్చాను. తొమ్మిదో రోజున ఆర్డర్ వచ్చింది, సెలవులకు రెండు రోజుల ముందు. షరతులు పెట్టారు, పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు, చివరి పిల్ల ఇంటికి పోయేదాకా ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, గది శుభ్రం చేసి తాళం హెచ్ఎంకు అప్పజెప్పాలి. మూడూ న్యాయమైనవే.

మీ బస్తీలో ఇలాంటిది చేయాలనుకుంటే కమిటీ తీర్మానం నకళ్లు ఐదారు తీసి పెట్టుకోండి. నంబర్ లేని కాగితం ఇచ్చి ఇంటికి రావద్దు. ఆఫీసులో అటెండర్లతో మర్యాదగా మాట్లాడండి, వాళ్లకు తెలిసినంత ఏ కంప్యూటర్‌కూ తెలియదు. ఆడవాళ్లు ఒంటరిగా పోకండి, ముగ్గురు కలిసి వెళ్లండి, వెళ్లగానే కుర్చీలో కూర్చోండి.

నిన్న వచ్చిన 34 మందిలో ఇద్దరు అసలు ఏ బడికీ పోవట్లేదని తెలిసింది. అన్నాచెల్లెళ్లు, బర్త్ సర్టిఫికెట్ లేదని ఎక్కడో వెనక్కి పంపారట. వయసు కాగితం లేదని ఏ బిడ్డకూ అడ్మిషన్ నిరాకరించకూడదని అదే చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. హెచ్ఎం మేడమ్‌తో రాత్రే మాట్లాడాను, సోమవారం వాళ్ల అమ్మను తీసుకుని రమ్మన్నారు. ఆమె మేస్త్రీ దగ్గర సగం పూట సెలవు అడగాలి, ఇవ్వకపోతే నేనే పోయి అడుగుతాను.

ఎనిమిదో తరగతి లెక్కలు చెప్పడానికి మంగళ, గురువారాల్లో మనిషి కావాలి. వెనక వరసలో ఒక ట్యూబ్‌లైట్ కూడా వెలగట్లేదు.