మూడో డివిజన్ మ్యాచ్‌కు 46 వేల మంది

2018 డిసెంబర్ 26న ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్లాండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. సండర్లాండ్, బ్రాడ్‌ఫర్డ్ సిటీ జట్ల మధ్య లీగ్ వన్ మ్యాచ్. పేరులో వన్ ఉంది గానీ పై నుంచి లెక్కపెడితే అది మూడో డివిజన్. ఆ రోజు మైదానానికి 46,039 మంది వచ్చారు. లీగ్ వన్‌కు ఆ పేరు పెట్టినప్పటి నుంచి ఏ మ్యాచ్‌కూ అంత జనం రాలేదు. అంతకు ముందు లీడ్స్ పేరున ఉన్న రికార్డు 38 వేల పైచిలుకు.

అదేమైనా కప్పులు గెలుస్తున్న క్లబ్బా అంటే కాదు. 2017లో అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచి కిందికి పడింది. మరుసటి ఏడాది రెండో డివిజన్‌లో, అంటే చాంపియన్‌షిప్‌లోనూ అట్టడుగే. రెండు వేసవుల్లో రెండు మెట్లు జారింది. జట్టు కింది డివిజన్‌కు పోతే జనం రావడం మానేస్తారని అందరం అనుకుంటాం. మరి వీళ్లెందుకు వస్తున్నారో కళ్లారా చూద్దామనే క్రిస్మస్ సెలవుల్లో న్యూకాజిల్‌లో ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లాను.

వాడు న్యూకాజిల్ అభిమాని. "దీనికోసం అక్కడిదాకా ఎందుకురా, మా ఊరి సంగతి చూడు చాలు" అన్నాడు. వాడి మాటలోనూ నిజం ఉంది. న్యూకాజిల్ యునైటెడ్ 2016లో రెండో డివిజన్‌కు పడినప్పుడు తన మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌లో సగటు ప్రేక్షకుల సంఖ్య 51 వేలు దాటింది. పడిపోయిన సీజన్‌లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లకు వచ్చినవాళ్ల కంటే అదే ఎక్కువ. కాకపోతే న్యూకాజిల్ ఒక్క ఏడాదిలోనే, అదీ చాంపియన్‌గా, పైకి వచ్చేసింది. సండర్లాండ్‌కు అంత తేలిగ్గా తెల్లారలేదు. నాకు చూడాలనిపించింది అందుకే.

వాడి ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన సండర్లాండ్ మనిషి. టికెట్లు ఆయనే ఇప్పించారు, కారులో తీసుకెళ్లింది కూడా ఆయనే. న్యూకాజిల్ నుంచి అరగంట ప్రయాణం. రెండు ఊళ్ల అభిమానులకు క్షణం పడదు. అయినా ఒకే కారులో ముందు సీట్లో ఆయన, వెనక మావాడు, దారి పొడవునా వాదించుకుంటూనే ఉన్నారు. ఊరి మధ్యలో కారు ఆపి, వేర్ నది మీద ఉన్న వంతెన నడిచి దాటాం. ఎరుపు తెలుపు చారల మఫ్లర్లు వేసుకున్న జనం వంతెన నిండా ఒకే దిక్కుగా కదులుతున్నారు. తాతలు, మనవలు, చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. అంతా కుటుంబాలతో వచ్చారు.

క్రిస్మస్ మర్నాడు, అంటే బాక్సింగ్ డే నాడు మ్యాచ్‌లకు జనం ఎక్కువగా రావడం ఇంగ్లండ్‌లో పాత ఆనవాయితీ. మూడో డివిజన్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంఖ్య, 49,309, కూడా 1979లో ఇదే రోజున షెఫీల్డ్‌లోని రెండు జట్ల మధ్య మ్యాచ్‌కు నమోదైంది. కాబట్టి ఈ ఒక్క రోజును చూసి ఏదో తేల్చేయకూడదని ముందే అనుకున్నాను.

స్టేడియం ఉన్న చోట ఒకప్పుడు బొగ్గుగని ఉండేది. వేర్‌మౌత్ గని 1993 చివర్లో మూతపడింది. 1997లో అదే నేల మీద ఈ స్టేడియం లేచింది. గని కార్మికులు లోపలికి తీసుకెళ్లే డేవీ దీపాన్ని తలచుకుంటూ దీనికి స్టేడియం ఆఫ్ లైట్ అని పేరు పెట్టారు. బయట ఆ దీపం రూపంలో ఒక స్మారకం కూడా ఉంది. పెద్దాయన తండ్రి ఆ గనిలోనే పనిచేశారట. ఓడలు కట్టే యార్డులు కూడా 1988 నాటికి పోయాయి. "ఊళ్లో పాతవాటిలో మాకు మిగిలింది ఈ క్లబ్బే. ఇది ఏ డివిజన్‌లో ఆడుతోందని చూసి వచ్చేవాళ్లం కాదు మేము" అన్నారాయన.

పక్కనే బాబ్ స్టోకో విగ్రహం ఉంది. టోపీ పెట్టుకుని, రెండు చేతులూ చాచి పరుగెత్తుతున్న మేనేజర్. 1973లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో లీడ్స్‌ను 1-0తో ఓడించి, అన్ని డివిజన్ల జట్లూ పోటీపడే ఎఫ్ఏ కప్ గెలిచాక, తన గోల్‌కీపర్ వైపు ఆయన అలాగే పరుగెత్తారు. ఆ ఏడాది సండర్లాండ్ ఆడుతున్నది రెండో డివిజన్‌లో! ఈ ఊరు ఆరుసార్లు ఇంగ్లండ్ లీగ్ చాంపియన్ అయింది, చివరిసారి 1936లో. కానీ ఇప్పుడు బతికున్నవాళ్లు కథలు కథలుగా చెప్పుకునేది కింది డివిజన్‌లో ఉన్నప్పుడు గెలిచిన కప్పు గురించి. అది విన్నాక, ఇక్కడి జనానికి డివిజన్ అనే లెక్క ఎందుకు అడ్డం కాదో నాకు కొంత అర్థమైంది.

కొంతే. ఎందుకంటే ఆ లెక్క అడ్డొచ్చిన రోజులూ ఉన్నాయి. ప్రీమియర్ లీగ్‌లో చివరి సీజన్‌లో సగటున 41 వేల మంది వచ్చేవారు. చాంపియన్‌షిప్‌కు దిగిన 2017-18లో అది దాదాపు 27 వేలకు పడిపోయింది. ఒక్క ఏడాదిలో మూడోవంతు జనం మాయం. ఆ తర్వాత ఇంకో మెట్టు కిందికి దిగితే ఇంకా తగ్గాలి కదా? తగ్గలేదు, పెరిగింది. నేను వెళ్లిన ఆ సీజన్ మొత్తానికి సగటు 32 వేల దగ్గర తేలింది. డివిజన్ దిగిన కొద్దీ జనం పెరగడం ఏమిటని పెద్దాయననే అడిగాను.

వంతెన మీద నడుస్తూ మొదలుపెట్టిన ఆ సంగతి, సీట్లలో కూర్చున్నాక గానీ పూర్తి కాలేదు. సొంత మైదానంలో 2016 డిసెంబర్ 17న వాట్‌ఫర్డ్ మీద గెలిచారు. మళ్లీ అక్కడ గెలిచింది 2017 డిసెంబర్ 16న, ఫుల్హమ్ మీద. మధ్యలో 364 రోజులు. చాంపియన్‌షిప్‌లో ఆడిన ఆ సీజన్ మొత్తం మీద సొంతూళ్లో గెలిచిన లీగ్ మ్యాచ్‌లు మూడంటే మూడు. "ఇంట్లో బూట్లు వేసుకునేటప్పుడే ఇవాళా గెలవమని తెలిసిపోయేది. అలా ఎన్ని వారాలని వస్తాం? చలికాలం వచ్చేసరికి నేనూ మానేశాను" అన్నారు.

"మరి సీజన్ టికెట్?" అన్నాను. సొంత మైదానంలో ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ముందే డబ్బు కట్టి కొనేది అది.

జేబులోంచి కార్డు తీసి చూపించారు. "ఇది ఉంది కదా. నేను ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా, డబ్బు కట్టేశాను కాబట్టి నన్ను కూడా లెక్కలో కలిపి చెప్తారు."

ఈ మాట బాగా పట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో క్లబ్బులు మామూలుగా ప్రకటించేది అమ్మిన టికెట్ల లెక్క. గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లు అంతకంటే తక్కువ ఉండొచ్చు. అంటే ఆ 27 వేలలోనూ ఖాళీ సీట్లున్నాయి. జట్టు కింది డివిజన్‌కు పడితే జనం తగ్గారా లేదా అని అంకెలు చూసి వాదించేవాళ్లకు ఇది కనపడదు. అభిమానం ముందు ఇంట్లో తగ్గుతుంది, పుస్తకాల్లోకి ఎక్కేసరికి ఏడాది పడుతుంది. సీజన్ టికెట్ మళ్లీ కొనాలా వద్దా అని వేసవిలో కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకునే రోజున గానీ అసలు సంగతి బయటపడదు.

2018 వేసవిలో క్లబ్బు చేతులు మారింది. అదే వేసవిలో, ఈ ఊరి అకాడమీలో పెరిగి ఎవర్టన్‌కు వెళ్లిపోయిన గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్‌కు ఆడుతున్నాడు. సండర్లాండ్‌లో మాత్రం అభిమానులు స్పానర్లు పట్టుకుని స్టేడియానికి వచ్చారు. ఎర్రటి సీట్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వెలిసి గులాబీ రంగుకు తిరిగాయి. పాతవి పీకి కొత్తవి బిగించడానికి రండని క్లబ్బు పిలిస్తే జనం వచ్చారు. పెద్దాయన తన మనవణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చారట. మ్యాచ్ మొదలయ్యే ముందు మమ్మల్ని రెండు వరసలు కిందికి తీసుకెళ్లి ఒక సీటు మడత తెరిచి చూపించారు. కింద రెండు బోల్టులు. ఒకటి సరిగ్గా కూర్చోలేదు, కొంచెం పక్కకు వాలి ఉంది. "అది వాడు బిగించింది" అని దాని మీద బొటనవేలు ఆనించి నిమిషం పాటు అలాగే ఉన్నారు. నేను స్టేడియాలు చాలానే చూశాను. ప్రేక్షకుడు తన చేత్తో బిగించిన సీటు చూడటం మాత్రం అదే మొదలు.

ఆట గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సండర్లాండ్ 1-0తో గెలిచింది. పాస్‌లు తప్పాయి, బంతి గాల్లోనే ఎక్కువ ఉంది. మావాడు పెదవి విరిచాడు. కానీ నా చుట్టూ ఉన్నవాళ్ల టెన్షన్ చూస్తే అది ఏ డివిజన్ ఆటో తెలియదు. ప్రేక్షకుల సంఖ్య చెప్పినప్పుడు స్టేడియం మొత్తం లేచి, గోల్ కొట్టినట్టే అరిచింది. తాము వచ్చామన్న సంగతికే తాము చప్పట్లు కొట్టుకున్నారు. నాకు ఒళ్లు పులకరించింది. రెండేళ్లు అందరూ వాళ్ల జట్టును చూసి జాలిపడ్డారు. ఇప్పుడు వాళ్లు చూపించుకోవడానికి ఒక అంకె దొరికింది.

ఆ సీజన్‌లో మూడో డివిజన్‌లో సండర్లాండ్ తరచూ గెలుస్తోంది. ప్రీమియర్ లీగ్‌లో నెలల తరబడి ఓటమి చూసిన పిల్లలు ఇక్కడ గెలుపు అంటే ఏమిటో చూశారు. నా అభిప్రాయం అడిగితే, జనాన్ని మైదానానికి రప్పించేది సొంతూళ్లో గెలిచే మ్యాచ్‌లు. డివిజన్ ఆ తర్వాత. జట్టు పడిపోవడం కంటే, పడిపోయే ముందు రెండు మూడేళ్లు నిర్లక్ష్యంగా నడపడమే ఎక్కువ మందిని దూరం చేస్తుంది.

అయితే అన్ని క్లబ్బులూ సండర్లాండ్ కావు. ఆ రోజు ఎదుటి జట్టు బ్రాడ్‌ఫర్డ్ సంగతే చూడండి. 1999 నుంచి 2001 దాకా ప్రీమియర్ లీగ్‌లో ఉండి, 2007 కల్లా నాలుగో డివిజన్‌కు చేరింది. మ్యాచ్ అయ్యాక బయట కూతురితో కలిసి నిలబడ్డ ఒక బ్రాడ్‌ఫర్డ్ అభిమానితో మాట కలిపాను. వాళ్ల క్లబ్బు ధరలు తగ్గించి జనాన్ని నిలబెట్టుకుంది. 2015లో పెద్దవాళ్ల సీజన్ టికెట్ 149 పౌండ్లకే ఇచ్చింది. "ఆ ధరకు ఇచ్చారు కాబట్టే ఈ పిల్లను కూడా తీసుకురాగలుగుతున్నాను, లేకపోతే నేనొక్కణ్ణే వచ్చేవాణ్ణి" అన్నాడాయన. నేను మ్యాచ్ చూసిన 2018-19 సీజన్ ఆఖరున బ్రాడ్‌ఫర్డ్ అట్టడుగున నిలిచి మళ్లీ నాలుగో డివిజన్‌కు పడింది.

డబ్బు సంగతి వేరే కథ. ప్రీమియర్ లీగ్ నుంచి పడిన క్లబ్బుకు టీవీ ఆదాయంలో కొంత వాటా మూడేళ్ల దాకా ఇస్తారు. ప్రీమియర్ లీగ్‌లో ఒక్క సీజనే ఉండి పడితే రెండేళ్లే. మొదటి ఏడాది ఎక్కువ, తర్వాత తగ్గుతూ పోతుంది. టీవీ డబ్బు ఎండిపోయే కొద్దీ గేటు దగ్గర వచ్చే డబ్బుకు విలువ పెరుగుతుంది. పై డివిజన్‌లో ఉన్నప్పుడు క్లబ్బుకు అంతగా కనపడని ప్రేక్షకుడు, కింద పడ్డాక దాని జీతాలు కట్టేవాడవుతాడు. మంగళవారం రాత్రి చలిలో వచ్చే ఆ మనిషికి టికెట్ ధర పెంచే క్లబ్బు కంటే తెలివితక్కువ క్లబ్బు ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

తిరుగు ప్రయాణంలో మనవడి గురించి అడిగాను. స్కూల్లో వాడి స్నేహితులు కొందరు మాంచెస్టర్, లివర్‌పూల్ చొక్కాలు వేసుకొస్తారట. "పెద్దవాళ్లం ఎక్కడికీ పోం. టీవీలో మా జట్టు కనపడకపోతే పిల్లలు పోతారు. నా భయమంతా అదే" అన్నారు. జట్టు పడిపోతే తగిలే అసలు దెబ్బ ఇదేనని నాకనిపించింది. ఏ సీజన్ సగటులోనూ అది కనపడదు. పదేళ్ల తర్వాత, ఆ పిల్లలు సంపాదనపరులై టికెట్ కొనాల్సిన వయసులో బయటపడుతుంది.

సండర్లాండ్ మూడో డివిజన్‌లో నాలుగు సీజన్లు ఇరుక్కుపోయింది. ఆ మొదటి సీజన్‌లోనే వెంబ్లీలో రెండుసార్లు ఓడింది. అందులో ఒకటి కింది డివిజన్ల జట్లు ఆడే ట్రోఫీ ఫైనల్, 2019 మార్చి 31న పోర్ట్స్‌మౌత్‌తో. దానికి వచ్చినవాళ్లు 85,021 మంది. 2022లో, పైకి వెళ్లే చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్లో వికమ్‌ను ఓడించి చాంపియన్‌షిప్‌కు ఎక్కింది. 2023-24లో చాంపియన్‌షిప్‌లోనే ఉంటూ సగటును మళ్లీ 41 వేలకు తెచ్చుకుంది. అంటే పడిపోయే ముందు ప్రీమియర్ లీగ్‌లో ఉన్న జనమే, ఒక డివిజన్ కింద. 2025 మే 24న వెంబ్లీలో, అలాంటి ఫైనల్లోనే, షెఫీల్డ్ యునైటెడ్ మీద ఆట ముగిసే వేళకు పడిన గోల్‌తో గెలిచి ప్రీమియర్ లీగ్‌లోకి తిరిగొచ్చింది.

ఆ రాత్రి పెద్దాయనకు ఫోన్ చేశాను. గొంతు పోయి సరిగ్గా మాట్లాడలేకపోయారు. మనవడు కూడా వెంబ్లీకి వచ్చాడని, ఇప్పుడు వాడి సీజన్ టికెట్‌కు వాడే డబ్బు కట్టుకుంటున్నాడని మాత్రం చెప్పారు.