వంతెన ఉండగా పడవెందుకు

వంతెన మీద ఆటోలో పోతే మహారాష్ట్రలోని మా సిరొంచ నుంచి గోదారి అవతల, తెలంగాణలోని కాళేశ్వరం ఎంతసేపని! అయినా ఈ కార్తీక సోమవారం పడవ మీదే వెళ్లాలని అత్తమ్మ పట్టు. మా పెళ్లయిన కొత్తలో మొక్కిన మొక్కట. "ఇద్దరు పడవల పోయి దండం పెట్టుకొస్తరని మొక్కిన. ఆటోల అని మొక్కలే" అంది. ప్రాణహిత గోదారిలో కలిసేచోటి సంగమం నీళ్లు తెమ్మని ఒక ఇత్తడి చెంబు చేతికిచ్చింది.

ఒకప్పుడు రేవులో పడవలు వరసగా ఉండేవి. ఇప్పుడున్నవి చేపలు పట్టేవాళ్లవే. మా ఆయన ఒక తమ్ముడితో మరాఠీలో బేరం మొదలుపెట్టి తెలుగులో ఒప్పించాడు. మా దగ్గర అంతే, బడి మరాఠీ, ఇల్లు తెలుగు, బేరం ఏది కలిసొస్తే అది.

ప్రాణహిత మీద ఇంకా మంచు విడలేదు. కుడి పక్క, తెలంగాణ ఒడ్డున, అర్జునగుట్ట మసకమసకగా ఉంది. తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకు ఇదే నీటిలో కాలు పెట్టే సందు దొరకలేదు. ఆ జనంలో మునిగి లేచానే తప్ప నదిని చూసిందే లేదు. వార్ధా, వైన్‌గంగా రెండూ సాత్పురా కొండల్లో పుట్టి, విదర్భ మీదుగా వచ్చి, కలిసి ప్రాణహిత అవుతాయని చిన్నప్పుడు మరాఠీలో బట్టీపట్టాను. ముప్పై ఏళ్ల కాపురంలో మేమిద్దరమే ఇంతసేపు పనేం లేకుండా కూర్చున్నది ఆ రోజే. ఏం మాట్లాడాలో తెలీక ఆయన గ్యాస్ సిలిండర్ సంగతి ఎత్తాడు.

సంగమం ఇంకాస్త దూరం ఉందనగా పడవ ఇసుకలో కూరుకుపోయింది. దిగువన గోదారి మీద మేడిగడ్డ బ్యారేజీ కట్టాక కొన్నేళ్లు ఇక్కడిదాకా నీళ్లు నిలిచేవి. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు, ఇసుక మేటలు మళ్లీ తేలాయి. "బావా, జర దిగి నూకు" అన్నాడు తమ్ముడు. మా ఆయన పంచె ఎగ్గట్టి దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకే, కానీ ఒక చెప్పు మాత్రం మళ్లీ కనబడలేదు. నవ్వు ఆపుకోలేక పడవంతా ఊపేశాను. ఆ సందట్లోనే, ఎందుకైనా మంచిదని, చెంబు అక్కడే ముంచేశాను.

కాళేశ్వరం ఒడ్డున మునిగి, దొప్పలో దీపం వదిలి గుడికి వెళ్లాం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు యముడికి, అంటే కాళేశ్వరుడికి, దండం. ఆ తర్వాతే శివుడికి, అంటే ముక్తేశ్వరుడికి. ముక్తేశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లా రెండు ఉంటాయి. అందులో ఎన్ని బిందెలు పోసినా పైకి పొంగవు, లోపల్లోపలే సంగమానికి చేరతాయంటారు. ఆయన ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డాడు, ఎందుకు పారేయలేదో ఇప్పటికీ చెప్పడు.

సాయంత్రం అత్తమ్మ చెంబులో వేలు ముంచి నాలుక మీద వేసుకుంది.

"ఏ పక్క ముంచినవ్?"

అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు. "సంగమం దాకా ఆగలేదత్తమ్మా, ప్రాణహితలనే."

"మంచిదైంది. ఎగువ డ్యాములన్ని ఆపంగ, గీ కాలంల గోదారిల నీళ్లేడున్నయ్?" అని చెంబు దేవుడి దగ్గర పెట్టి, కొడుకు కాళ్ల వైపు చూసింది.