డీవీడీ గాడుల్లో బంగారు కణాల వరుసలు: వంపు మారిస్తే రంగు జరుగుతోంది

పని హన్మకొండలో, మామూలు ఇంటి గదిలోనే. 740 నా.మీ. (నానోమీటరు అంటే మి.మీ.లో పదిలక్షో వంతు) ఎడంతో వరుసలు పేర్చి, బంగారు కణాలు వెడల్పుగా మింగే వెలుగులో సన్నటి గీతలాంటి పల్లాన్ని, అంటే ఒక్క రంగు దగ్గరే వెలుగు తగ్గే చోటును పట్టాలి. ఆ ఎడం డీవీడీ గాడులది, ఉచితంగా వస్తుంది.

అచ్చు తయారైంది. డీవీడీ-ఆర్ అంచున బ్లేడు దూర్చి రెండుగా చీల్చి, వెండి పూత అంటని పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే ఊదా రంగు పోతుంది. అసిటోన్ తగిలితే పాలికార్బొనేట్ తెల్లబడుతుంది. గట్టిపడితే సిలికోన్ రబ్బరయ్యే సిల్గార్డ్ 184ను దాని గట్టిపరిచే ద్రవంతో 10:1 పాళ్లలో కలిపి, బుడగలు పోయాక పలక మీద పోసి, 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచాలి. ఒలిచిన రబ్బరు వెలుతురులో ఇంద్రధనుస్సు రంగులు చూపకపోతే మళ్లీ పోయాల్సిందే.

కణాలు 60 నా.మీ.వి. సిట్రేట్ పూత మాత్రమే ఉంటే చిక్కబరచగానే ముద్దకట్టి ఎర్రటి ద్రావణం నీలంగా మారుతుంది. ముందుగా థయాల్-పెగ్ (కణాలకు అతుక్కుని అవి ఒకదానికొకటి అంటకుండా చూసే పాలిమర్) కలపాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 1 మి.లీ.ని 10 మైక్రోలీటర్లకు తగ్గించి, అందులో 2 మైక్రోలీటర్లు రబ్బరు మీద వేసి, నీళ్లు చుక్కకట్టకుండా పరుచుకునేంత శుభ్రమైన గాజుపలకతో అదమాలి. ఓరుగల్లు ఎండాకాలం ఇక్కడే దెబ్బకొడుతుంది: నీళ్లు తొందరగా ఆరి కణాలన్నీ అంచుకు చేరి ఎర్రటి చుట్టు మిగులుతుంది. తడి దూదితో పాటు డబ్బాలో మూసి రాత్రంతా ఆరనివ్వాలి.

గాజు మీది వరుసలకు పైన గాలి, కింద గాజు ఉంటే రెండు వైపులా వెలుగు వేరువేరు వేగంతో పోతుంది, వరుసలు ఒకదానికొకటి పంపే వెలుగు అలల మధ్య తాళం కుదరదు, పల్లం రాదు. అందుకే వెలుగును గాజులాగే నడిపే మైక్రోస్కోపు ఇమ్మర్షన్ ఆయిల్ చుక్క వేసి కవర్‌స్లిప్ పెట్టాలి. లవంగ నూనె వక్రీభవన గుణకం (వెలుగును ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె) కూడా 1.53 దగ్గరే, పనికొస్తుంది. గాలిబుడగ ఉన్నచోట పల్లం ఉండదు.

నిటారుగా చూస్తే పల్లం 740 × 1.52 (గాజు, నూనెల వక్రీభవన గుణకం), అంటే 1125 నా.మీ. దగ్గర పడుతుంది, వెబ్‌క్యామ్‌కు అందదు. పలకను వరుసలకు అడ్డంగా θ కోణం వంచితే, పల్లం పడే తరంగదైర్ఘ్యం λ = 740 × (1.52 − sin θ). 40 డిగ్రీలకు 649, 45కు 602. పోలరాయిడ్ ఫిల్టరు దిశ వరుసల వెంబడే ఉండాలి. అడ్డంగా తిప్పితే పల్లం బాగా తగ్గాలి. తగ్గకపోతే అది మరకే.

ఎక్కువ బాధ కణాలతో కాదు, దీపంతో. ఈ వంపుల దగ్గర ఒక్క డిగ్రీకి పల్లం దాదాపు 10 నా.మీ. జరుగుతుంది, కాబట్టి కిరణాలు రెండు డిగ్రీలు విచ్చుకున్నా గీత 20 నా.మీ. చెదిరిపోతుంది. 12 వోల్టుల హాలోజన్ ముందు 1 మి.మీ. రంధ్రం, దానికి 150 మి.మీ. దూరంలో అంతే ఫోకల్ దూరమున్న లెన్స్ పెట్టాక చెదురు 4 నా.మీ. లోపుకు దిగింది. తరంగదైర్ఘ్యాల స్కేలు సరిచూడటానికి సీఎఫ్ఎల్ బల్బులోని పాదరసం గీతలు 435.8, 546.1 చాలు.

తర్వాత బ్లూరే, ఎడం 320. అక్కడ నిటారుగానే 486 వస్తుంది కానీ ఆ రంగును బంగారమే మింగేస్తుంది. వెండి కణాలు కావాలి, అవి గాలికి నల్లబడకముందే నూనె కింద మూసేయాలి.