పిల్లలతో వడధం: బొమ్మలు లేని డైనోసార్ పార్కు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో డైనోసార్ పార్కు ఉందనగానే పిల్లలు గర్జించే బొమ్మల్ని ఊహించుకుంటారు. వడధం ఫాసిల్ పార్కులో ఉండేవి రాయిగా మారిన చెట్లు, ఎముకలు. ఈ మాట బయల్దేరేముందే చెప్పండి. చెప్పకపోతే అరగంటకే ఇంటికి పోదామంటారు. కానీ ఆ జంతువులు నిజంగా తిరిగిన నేల ఇది, ఏ బొమ్మల పార్కు దీనికి సాటి రాదు.

14 మీటర్ల నైలాన్ తాడు ఒకటి పట్టుకెళ్లండి. ఇదే తాలూకాలోని పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) దగ్గర 1960 ప్రాంతంలో తవ్వితే బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలు 300 దాకా దొరికాయి, కనీసం ఆరు జంతువులవి. పెద్దది ఇంచుమించు ఆ తాడంత పొడవు. ఖాళీ జాగాలో తాడు పరిచి తల దగ్గర ఒకర్ని, తోక దగ్గర ఒకర్ని నిలబెట్టండి. పుర్రె మాత్రం దొరకలేదు, కొన్ని పళ్లే దొరికాయి. ఎముకలతో పాటు పెద్ద మానులు కూడా ఉండటంతో వరదకు కొట్టుకొచ్చి ఉంటాయని పరిశోధకులు అనుకుంటున్నారు. నిలబెట్టిన అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మనకు దగ్గరైతే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం: అక్కడున్న కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్రాణహిత నది అవతలి యామనపల్లిది.

రాతి మాను కనబడితే మొదలు విరిగిన వైపు చూడండి. దోసెడు నీళ్లు చల్లితే రంగు ముదిరి, కొన్నిట్లో వలయాలు తేలతాయి. పొడవు వైపు నార గీతలు కనిపిస్తాయి. నేలలోని నీళ్లలో కరిగిన సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) కట్టె సందుసందుల్లోకి చేరి గట్టిపడింది కాబట్టే గీత కూడా చెదరలేదు. ఎముకకు వలయాల వరస ఉండదు, లోపల సన్నటి బెజ్జాలుంటాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఇవి బాగా తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నం అంతా ఒకటే రాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మేలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, వానల్లో బురద. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, బూట్లు ఉండాలి, చెప్పులొద్దు. రాళ్లు పిల్లలచేత ఎత్తనివ్వకండి, కింద తేళ్లుంటాయి. ముక్క జేబులో వేసుకోనివ్వద్దు కూడా: ఏ పొరలో ఉందో తెలియని శిలాజంతో కాలం లెక్కగట్టలేరు.

మధ్యాహ్నం గోదావరి వంతెన దాటి కాళేశ్వరం పోవచ్చు. గోదావరి, ప్రాణహిత కలిసే సంగమంలో గుంతలుంటాయి, పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి.